దుప్పికొమ్ము పిడి

చేతికర్ర చేతికి వస్తే ఎవరైనా మొదట పిడి చూస్తారు. కరుణాకర్ మాత్రం దాన్ని తలకిందులు చేసి అడుగు చూసేవాడు. కర్ర కొసకు తొడిగే ఇత్తడి పొన్ను ఎటువైపు అరిగిందో చూస్తే చాలు, దాంతో నడిచిన మనిషి తెలిసిపోతాడని అతని నమ్మకం. ఏ కాలు కుంటో, బరువంతా కర్ర మీద వేసేవాడో, ఊరికే దర్పానికి తిప్పుకుంటూ తిరిగేవాడో అక్కడే కనిపిస్తుంది. దొరల కర్రలకు పైన వెండి, దంతం ఎంత ఉన్నా కింద పొన్ను మాత్రం కొత్తగానే ఉండేది.

ఈ పిచ్చి అతనికి కాలు విరిగాక పట్టుకుంది. అరవైతొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలంతా కాలేజీలు వదిలి రోడ్ల మీదికి వచ్చినప్పుడు జనగామ ఊరేగింపులో అతనూ ఉన్నాడు. లాఠీ దెబ్బకు ఎడమ మోకాలిచిప్ప పగిలింది. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. పాదం లోపలికి తిరిగిపోయింది. మీసాలు సరిగ్గా రాని వయసులో ఊతకర్ర పట్టుకుని బజారుకు పోవాలంటే ప్రాణం పోయినట్టుండేది. కనబడిన ప్రతివాడూ కాలు వంకే చూసి, అయ్యో అనేవాడు.

అప్పుడు వాళ్ల వీధిలో ఉండే ఒక ముసలి వకీలు సింహం తల పిడి ఉన్న నల్లటి బెత్తం ఒకటి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని మొదటిసారి బజారుకు వెళ్లిన రోజు ఎవరూ కాలు సంగతి ఎత్తలేదు. "గీ కట్టె యాడిది?" అని అడిగారు. ఆ మాట కరుణాకర్‌కు మందులా పనిచేసింది.

తర్వాత డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం వచ్చింది, అహల్యతో పెళ్లయింది, కర్రలూ పెరిగాయి. ఊళ్లలో రైతుకూలీ సంఘాలు లేచి దొరలు గడీలకు తాళాలు వేసి పట్నం పోతున్న కాలమది. మంచాలు, గడియారాలు, అద్దాలతో పాటు చేతికర్రలు కూడా అమ్మకానికి వచ్చేవి. లోపల కత్తి దాచిన గుప్తి, చిలుక ముక్కు ఆకారంలో దంతపు పిడి ఉన్నది, పిడి తిప్పితే నశ్యం డబ్బీ బయటపడేది, ఇలా ఒక్కొక్కటే ముందు గదిలోకి చేరాయి. "పొయ్యిల పెట్టెతందుకు పుల్ల లేదు గని, ఇల్లంత కట్టెలే," అని అహల్య నవ్వేది. నవ్వుతూనే వారానికోసారి వాటికి నూనె రాసి తుడిచేది.

మానుకోటకు బదిలీ అయ్యాక, ఒక సంత రోజు, గాజులు పరుచుకుని కూర్చున్న జమ్లీ అనే లంబాడీ ముసలమ్మ దగ్గర అతనికి ఈ కర్ర కనబడింది. జిట్రేగి చెక్క. నీళ్లలో నానినట్టు నల్లబడింది. పిడి దుప్పికొమ్ముతో చేసింది. కొమ్ము సహజమైన వంపునే పట్టుగా మలిచాడు చేసినవాడు. బొటనవేలు ఆనేచోట చిన్న గుంట ఉంది. కరుణాకర్ వేలు పెడితే సరిగ్గా అందులో కూర్చుంది.

అలవాటు ప్రకారం తలకిందులు చేసి చూశాడు. పొన్ను లోపలి అంచున చంద్రవంకలా అరిగి ఉంది. చేతిలో ఉన్న తన కర్రనూ తిప్పి పక్కన పెట్టాడు. అదే వంక, అదే చోట. ఇన్నేళ్లలో ఇద్దరు మనుషుల అరుగుదల ఒకేలా ఉండటం అతను చూడలేదు.

"గిది ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"ఎవరిదో సారూ. మా ముసలోడు మహదేవపూర్ దిక్కు బొంగు కొట్ట పోయినప్పుడు గోదావరి ఇసుకల దొరికింది. నిలవడి ఉన్నదట, ఎవరో గుచ్చి పోయినట్టు." జమ్లీ అతని కాలు వైపు చూసింది. "మా ముసలోనికి కాళ్లు మంచిగుండె. గిది పట్టినంక నీ లెక్కనే ఎడమ కాలు ఈడ్సుడు వెట్టిండు. గుంజుకొచ్చిన. నీకైతే ఎట్లనో కుంటి ఉన్నది. కొండవో."

ముసలి మనుషుల మాటలని నవ్వుకున్నాడు కరుణాకర్. కానీ ఇంటికి అదే కర్రతో నడిచాడు. దారిలో మోకాలు నొప్పి తెలియలేదు.

నొప్పి లేకపోవడం ఎంత సుఖమో, పదిహేనేళ్లు నొప్పితో నడిచినవాడికే తెలుస్తుంది. మిగతా కర్రలన్నీ మూల చేరాయి. ఎక్కడికి వెళ్లినా జిట్రేగి కర్రే. స్కూల్లో మెట్లు ఎక్కుతుంటే కాలే తనను మోసుకుపోతున్నట్టుండేది.

మొదట గమనించింది అహల్య. ఒక సాయంత్రం అతను గుమ్మంలోకి రాగానే, "ఇప్పుడే గద వచ్చిన్రు, మల్ల ఎటు పోయిన్రు?" అంది.

"ఇప్పుడే వస్తున్న."

"వరండాల కట్టె చప్పుడైంది. చాయ పెట్టి తెచ్చేసరికి లేరు."

పక్కింటి వాళ్లెవరో అయి ఉంటారనుకున్నారు ఇద్దరూ. కానీ మర్నాడూ అంతే జరిగింది. వరండా షాబాదు బండల మీద టక్కుమని కర్ర పడటం, వెనకే కాలు ఈడ్చిన చప్పుడు, మళ్లీ టక్కుమనడం. అది గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. అహల్య తలుపు తీస్తే ఎవరూ ఉండరు. కాసేపటికి కరుణాకర్ వస్తాడు, అదే చప్పుడుతో.

కొన్నాళ్లకు అహల్య భయపడటం మానేసింది. చప్పుడు వినగానే పొయ్యి మీద అన్నం పెట్టేది, ఉడికేసరికి అతను వచ్చేవాడు. స్కూల్లో కూడా అల్లరి చేస్తున్న పిల్లలు ఉన్నట్టుండి బుద్ధిగా కూర్చునేవారట. 'కరుణాకర్ సార్ వరండాల వస్తున్నడు' అనుకునేవారట. సార్ అప్పటికింకా ఇంటి దగ్గర చొక్కా తొడుక్కుంటూ ఉండేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ ఎడం పెరిగింది. పొద్దున వరండాలో చప్పుడైతే అతను సాయంత్రానికి వచ్చేవాడు. ఒక రోజు అహల్య తట్టుకోలేక అంది. "మీరు ఇంట్ల కూసోని నాతోని మాట్లాడుతుంటే, బయట మీరు వచ్చిన చప్పుడైతున్నది. నాకు ఎవరితోని కాపురం చేస్తున్ననో తెలుస్తలేదు."

కరుణాకర్‌ను ఇంకో సంగతి కలవరపెడుతోంది. ఈ మధ్య అతను ఎటు వెళ్లాలని బయలుదేరినా, చప్పుడు ఎక్కడ వినబడిందని జనం చెబుతారో చివరికి అక్కడే తేలుతున్నాడు. చప్పుడు తన వెంట వస్తోందా, తను చప్పుడు వెంట పోతున్నాడా అన్నది అతనికి అర్థం కాలేదు.

ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షల డ్యూటీ భూపాలపల్లిలో పడింది. అడవి మధ్య ఊరు. బొగ్గు కోసం బోర్లు వేసే యంత్రాల మోత దూరంగా వినిపిస్తూ ఉండేది. పరీక్షలకు సెలవు వచ్చిన రోజు అతను కాటారం మీదుగా మహదేవపూర్ బస్సెక్కాడు. కర్ర ఎవరిదో తెలుసుకోవాలి. దిగి, అడుగుతూ అడుగుతూ గోదావరి ఒడ్డున ఉన్న చిన్న పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

పల్లె చివరి ఇంటి అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన చెంబుతో నీళ్లు, మూత పెట్టిన గిన్నె ఉన్నాయి. అతన్ని చూసి ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"కాళ్లు కడుక్కో బిడ్డా. జొన్నగట్క సల్లవడ్డది. పొద్దుగాల్ల చప్పుడొచ్చె, నువ్వు గిప్పుడొస్తివి."

కరుణాకర్ నిలువునా ఆగిపోయాడు. "నేను వస్తనని నీకెట్ల తెలుసు అవ్వా?"

"నువ్వని తెల్వది. కట్టె అని తెలుసు. ఇటు తే." కర్ర అందుకుని, పిల్లవాడి తల నిమిరినట్టు ఆ దుప్పికొమ్మును నిమిరింది. "నా తమ్ముడు మొగిలి చేసిండు గిది."

ఆమె పేరు లచ్చవ్వ. మొగిలి చేతికర్రలు చేయడంలో దిట్ట. చుట్టుపక్కల దొరలకూ ఫారెస్టు సార్లకూ అతనే చేసిచ్చేవాడు. టేకు కొట్టే కూలికి వెళ్లినప్పుడు మాను మీద పడి ఎడమ కాలు నుజ్జయింది. మంచం దిగాక, ఊళ్లోవాళ్లందరికీ చేసిన చేతితో తనకోసం ఈ ఒక్క కర్ర చేసుకున్నాడు. అడవిలో పిడుగు పడి నిలువునా ఎండిన జిట్రేగి మాను నుంచి చెక్క తెచ్చాడట. ఆ మాను కొట్టొద్దని అందరూ అన్నారట.

"సురువుల మంచిగనే ఉండె," అంది లచ్చవ్వ. "తరువాత వాని చప్పుడు వానికంటె ముందు వచ్చుడు మొదలయ్యింది. సల్లగ వినుకుంటనే ఉంటి. ఒక దినం నాతోని అన్నడు, 'అక్కా, నేను నడుస్తలేను, అది నడిచినకాడికి పోతున్న' అని. కట్టె ఇడువురా అంటె నొప్పికి తాళలేకపోయిండు. ఒకనాడు చప్పుడు ఇంట్లకెళ్లి బయటవడి గోదారి దిక్కు దిగింది. నేను విన్న. వాడు గప్పుడు మంచంల పండుకోని ఉన్నడు. తెల్లారి వాడు లేచి గటే పోయిండు. ఇసుకల కట్టె ఒక్కటే నిలవడి ఉండె. దాన్ని చూసినోళ్లే గని ముట్టినోళ్లు లేరు. తరువాత అది కూడ కనవడలే."

కరుణాకర్ గిన్నె పక్కకు జరిపాడు. అడగాలని లేని మాట అడిగాడు. "పొద్దున చప్పుడొచ్చిందంటివి గద అవ్వా. వచ్చి ఈడనే ఆగిందా?"

లచ్చవ్వ అతని ముఖంలోకి చూసింది. "లేదు బిడ్డా. గడప కాడ జరసేపు నిలవడ్డది. తరువాత గోదారి దిక్కు దిగింది."

ఇంటి పక్క నుంచి బాట కిందికి దిగి ఇసుకలో కలిసిపోతోంది. దూరంగా నీళ్లు ఎండకు తళతళలాడుతున్నాయి. అంత దూరం నడిచి వచ్చినా మోకాలిలో రవ్వంత నొప్పి లేదు. లేచి అటు నాలుగడుగులు వేస్తే ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. ఆ హాయికే అతనికి ఒళ్లు జలదరించింది.

"గిది నా తమ్మునిది. నాకాడ పెట్టి పో," అంది లచ్చవ్వ.

"నీకేమన్న అయితే?"

"నాకేమైతది. నేను గడప దిగుతనా, ఎక్కుతనా."

ఆమె చూరులోంచి ఒక వెదురు కర్ర తీసి ఇచ్చింది. మొదటి అడుగుకే పాత నొప్పి మోకాలిలోంచి నడుము దాకా పాకింది. కరుణాకర్ దాన్ని పళ్ల బిగువున భరిస్తూ, వెనక్కి చూడకుండా బస్సు రోడ్డు ఎక్కాడు. పరీక్షల డ్యూటీ ముగిశాక మానుకోటలో అతను కుంటుతూ ఇంట్లోకి వచ్చినప్పుడు అహల్య వంటింట్లో ఉలిక్కిపడింది. ముందుగా ఏ చప్పుడూ రాలేదు. అతన్ని చూసి, చేతిలోని వెదురు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అక్కడితో తీరిపోవాల్సింది. కానీ కరుణాకర్‌కు నిద్ర పట్టేది కాదు. తను బతికి బయటపడి, ఆ కర్రను ఒక ఒంటరి ముసలామె చేతిలో పెట్టి వచ్చాడు. వానలు వెళ్లాయి, చలి మొదలైంది. చివరికి అహల్యే ఒక గొంగడి మడిచి సంచిలో పెట్టింది. "పోయి ఆమెను చూసి రాండ్రి. చూడకుంటె మీకు నిమ్మళం లేదు," అంది.

లచ్చవ్వ ఇంటికి తడక అడ్డం కట్టి ఉంది. పక్కనే ఉండే సాంసన్ బయటికి వచ్చాడు. పల్లె దాటాక గోదావరి గట్టున ఉన్న ఫారెస్టు గెస్ట్‌హౌస్‌కు అతను వాచ్‌మన్.

"లచ్చవ్వ పోయింది సార్. వానకాలం ఎల్లినంక. పట్టపగలు, బట్టలు ఉతికేటోళ్లు అందరు చూస్తనే ఉన్నరు. గడప దిగనామె, కట్టె పట్టుకోని చిన్నపోరి లెక్క ఇసుకల నడుసుకుంట పోయింది. ఎడమ కాలు ఈడ్సుకుంట. పిలిస్తె తిరిగి చూసి నవ్విందట. 'మా మొగిలి కాడికి పోతున్న' అన్నదట. మళ్ల కనవడలే."

కరుణాకర్ ఆమె కూర్చునే అరుగు మీద కూర్చున్నాడు. తను మొదట వచ్చిన రోజు పొద్దున గోదావరి వైపు దిగిన చప్పుడు తనది కాదేమో. ఆమెదేనేమో. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసేమో.

"కట్టె ఏమైంది?"

"ఇసుకల నిలవడి ఉండె. దేవుని పేరు తలుసుకోని నేనే తీసి గెస్ట్‌హౌస్‌ల మూలకు పెట్టిన. పది దినాల కింద కొత్త రేంజర్ మధుకర్ సార్ వచ్చిండు. జిట్రేగి, దుప్పికొమ్ము, ఎంత మంచిగున్నదని పట్టుకపోయిండు. మంచిగ నడిచేటోడే, షోకుకు." సాంసన్ గొంతు తగ్గించాడు. "సార్, ఇయ్యాల పొద్దుగాల్ల గెస్ట్‌హౌస్ వరండాల చప్పుడైంది. మధుకర్ సార్ వస్తడని వంట చేసిపెట్టిన."

"వరండాల ఆగిందా?"

సాంసన్ తల అడ్డంగా ఊపాడు. గోదావరి వైపు చూశాడు.

కరుణాకర్ గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. వెళ్లిపోవాలన్న ఆలోచన రాకపోలేదు. ఒకసారి అలాగే వెళ్లిపోయాడు కదా. పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి దిగాడు. సాంసన్ నమస్కారం అతనికి అందలేదు. మెట్లెక్కలేదు, లోపలికి రాలేదు. దిగినవాడు దిగినట్టే ఇసుక వైపు తిరిగాడు. ఎడమ పాదం లోపలికి మడిచి, ఈడుస్తూ, టక్కు టక్కుమని నడిచాడు. ఇసుకలో కర్రకు చప్పుడు రాకూడదు. అయినా బండ మీద పడ్డట్టే వినిపించింది.

కరుణాకర్ వెంటపడ్డాడు. తన చేతికర్ర ఇసుకలో దిగబడుతోంది. దాన్ని పారేశాడు. మోకాలు నిప్పులు కక్కింది. రెండుసార్లు పడ్డాడు, చేతుల మీద పాకి లేచాడు. "మధుకర్ గారూ, ఆగండ్రి," అన్నాడు. ముందున్న మనిషి ఆగలేదు. ఆ నడకను కరుణాకర్ ఎరుగును. తన నడకే. తనను తానే వెనకనుంచి చూసుకుంటున్నట్టుంది.

నీళ్లు మధుకర్ మోకాళ్ల దాకా వచ్చేసరికి కరుణాకర్ అతన్ని అందుకున్నాడు. మనిషిని పట్టుకోలేదు. వంగి రెండు చేతులతో కర్రను పట్టుకుని, బలమంతా పెట్టి నేల నుంచి పైకి లేపాడు. వేళ్లూనిన మొక్కను పీకినట్టు వచ్చింది. మధుకర్ తూలి, నీళ్లలో కూర్చుండిపోయాడు. కాసేపు చుట్టూ చూశాడు.

"నేను ఆఫీసుకు బయలుదేరిన," అన్నాడు పసివాడిలా. "ఇక్కడికెందుకు వచ్చిన?"

ఒడ్డుకు చేరాక అతనికి వణుకు పట్టుకుంది. సాంసన్ దుప్పటి కప్పాడు. అప్పుడు మధుకర్ చెప్పాడు. "వారం నుంచి మా ఇంట్ల మా అమ్మ అడుగుతున్నది, ఇప్పుడే వచ్చినవు గదరా, మల్ల వస్తున్నవేంది అని. ఆమెకు చెవులు పాడైనయనుకున్న. ఎవరికీ చెప్పలే."

"మీరు మా ఇంటికి రాండ్రి," అన్నాడు కరుణాకర్. "మంచి మంచి కట్టెలున్నయి. నచ్చింది తీసుకోండ్రి. గిది మాత్రం నాకియ్యండ్రి."

మధుకర్ కర్ర వైపు కూడా చూడకుండా తల ఊపాడు. తర్వాత నిజంగానే మానుకోటకు వచ్చాడు. రెండు కాళ్లూ తిన్నగా వేస్తూ నడిచి వచ్చాడు. అహల్య చిలుక ముక్కు దంతపు పిడి కర్ర ఇస్తే వద్దన్నాడు, చాయ తాగి వెళ్లాడు. దుప్పికొమ్ము కర్ర ఆ ఇంట్లో దూలానికి, నేల తగలకుండా వేలాడింది. ఎవరూ దాంతో నడవలేదు. వరండాలో చప్పుడూ వినబడలేదు.

నదిలోంచి తీసిన మర్నాడు, ఇంటికి తెస్తున్నప్పుడు మాత్రం కరుణాకర్ దాన్ని చంటిపిల్లలా ఒడిలో అడ్డంగా పెట్టుకుని, కొస ఎక్కడా తగలకుండా, బస్సులో కూర్చున్నాడు. మోకాలు కుండలా వాచింది. కాటారం దాటాక ఒక పల్లె దగ్గర బస్సు ఆగింది. పక్క సీటులోని ముసలాయన లేవబోయి, లేవలేక, అతని ఒడిలోని కర్ర చూశాడు.

"బిడ్డా, జర గా కట్టె ఇస్తవా? దిగి మల్ల నీకే ఇస్త."

కరుణాకర్ కర్రను చంకలో ఇరికించుకున్నాడు. ముసలాయన చేయి పట్టి తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి బరువు ఒకరు మోసుకుంటూ మెట్లు దిగారు. బస్సు వెళ్లిపోయింది. అతను పిలవలేదు.

"నీ బస్సు పాయె గద," అన్నాడు ముసలాయన నొచ్చుకుంటూ.

"ఇంకోటి వస్తది బాపూ. మీ ఇల్లు ఎంత దూరం?"

"గదే, గా చింతచెట్టు దాటినంక."

ఇద్దరూ మెల్లగా నడిచారు.